మా సాహెబా చెరువు నుంచి గోల్కొండ హమ్మాం దాకా

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



సంఘం కార్యదర్శి ఫోన్ చేసి, "విహారయాత్రల గురించి ఓ ఇరవై నిమిషాలు మాట్లాడండి, భోజనాల టైముకు అడ్డం పడొద్దు" అన్నారు. రెండో షరతు నాకు బాగా గుర్తుంది. అందుకని ఒక్క రకం యాత్ర గురించే చెబుతాను. పాత కాలపు వేడినీళ్ల స్నానశాలలు చూడడానికి వెళ్లే యాత్ర. పిల్లల దగ్గరికి ఇంగ్లండో యూరపో వెళ్లి వచ్చినవాళ్లు మనలో చాలామందే ఉన్నారు. వాళ్ల ఫోన్లలో బాత్ నగరం ఫొటోలు, బుడాపెస్ట్ ఫొటోలు ఉంటాయి. అలాంటి చోటు ఒకటి ఇక్కడికి అరగంట దూరంలో ఉంది. మాసబ్ ట్యాంక్‌లో బయలుదేరి మెహదీపట్నం, టోలిచౌకి దాటితే చాలు. ఈ సభలో ఎంతమంది దాని లోపలికి వెళ్లి చూశారో చేతులెత్తమంటే కార్యదర్శిగారి చెయ్యి కూడా లేస్తుందని నేను అనుకోను.

అది కుతుబ్ షాహీ సమాధుల తోటలో ఉన్న హమ్మాం.

హమ్మాం అంటే మనకు వెంటనే గుర్తొచ్చేది సబ్బు. ఆకుపచ్చ సబ్బు, టాటా వాళ్ల ఆయిల్ మిల్స్ తెచ్చింది. మా ఇంట్లో దాన్ని 'హమాం' అనేవాళ్లం. ఆ మాట అరబ్బీ నుంచి వచ్చింది, వేడి చేయడం అనే అర్థమున్న ధాతువు లోంచి పుట్టింది. పారశీకంలోకి, తుర్కీలోకి, మన దక్కనీ ఉర్దూలోకి అదే మాట నడిచి వచ్చింది. కాబట్టి మనం ఒంటికి రుద్దుకున్నది ఒక స్నానశాల పేరు.

ముందు దూరపు ఊళ్ల సంగతి రెండు ముక్కల్లో చెబుతాను, మన ఊరిది అర్థం కావడానికి అది అవసరం.

మా అమ్మాయి ఇంగ్లండులో ఉంటుంది. ఆమె బాత్ తీసుకువెళ్లింది. అక్కడ నేలలోంచి 46 డిగ్రీల వేడినీళ్లు వాటంతట అవే ఉబికి వస్తాయి, రోజుకు పదకొండు లక్షల లీటర్లకు పైగా. దాదాపు రెండు వేల ఏళ్ల కింద రోమన్లు ఆ ఊట చుట్టూ కట్టడం కట్టి, సీసం తొట్లు పరిచి, స్నానాలు చేశారు. ఇప్పుడు ఆ పాత కొలనులో దిగనివ్వరు. చుట్టూ నడిచి చూడాలి, పక్కనే పంప్ రూమ్‌లో ఆ నీటిని ఓ గ్లాసుడు తాగవచ్చు. రుచి గురించి నన్ను అడగకండి. దిగి స్నానం చేయాలంటే అదే ఊట నీటితో 2006లో తెరిచిన కొత్త స్నానశాల ఉంది, దానికి వేరే టికెట్టు.

బుడాపెస్ట్ సంగతి వేరు. అక్కడ రూడాస్ అనే స్నానశాల ఉంది, పదహారో శతాబ్దంలో తుర్కులు కట్టింది. ఎనిమిది స్తంభాల మీద ఒక గుమ్మటం, దాని కింద ఎనిమిది మూలల కొలను. గుమ్మటంలో చిన్న చిన్న రంధ్రాలు, వాటిలోంచి వెలుతురు సన్నటి దారల్లా నీటి మీద పడుతుంది. అందులో ఇప్పటికీ జనం దిగుతున్నారు. ఆ నీళ్లలో మెడ వరకు కూర్చున్నప్పుడు నాకు తట్టిన విషయం ఏమిటంటే, తుర్కుల చేతిలో బుడా నగరం 1541 నుంచి 1686 వరకు ఉంది. మన గోల్కొండలో కుతుబ్ షాహీలు 1518 నుంచి 1687 వరకు ఉన్నారు. అక్కడ పాలన పోయిన మరుసటేడే ఇక్కడా పోయింది, ఔరంగజేబు ఎనిమిది నెలలు ముట్టడి వేశాక. ఒకే కాలంలో, ఇంచుమించు ఒకే రకం స్నానపు అలవాటు ఉన్న రెండు రాజధానులు. ఒక ఊళ్లో స్నానశాల ఇంకా పొగలు కక్కుతోంది. ఇంకో ఊళ్లో దానికి చాలాకాలం ఉన్న ఒకే ఒక్క గుర్తింపు 'శవాలు కడిగే చోటు'. ఎందుకు ఈ తేడా?

మొదటి కారణం భూమిలోనే ఉంది. బుడాపెస్ట్ కింద వేడినీటి ఊటలున్నాయి. పాలకులు మారినా ఊట మారదు. కొత్తవాడు వచ్చి అదే కొలనులో కూర్చుంటాడు. మన తెలుగు నేలలోనూ అలాంటి చోట్లు లేకపోలేదు. భద్రాచలం దగ్గర గుండాలలో గోదావరి ఒడ్డున ఇసుక తవ్వితే వేడినీళ్లు ఊరతాయని భక్తులు వెళ్తుంటారు. మణుగూరు దగ్గర పగిడేరులో బొగ్గు కోసం వేసిన బోరులోంచి వేడినీళ్లు పొంగాయి. ఆ వేడితో సింగరేణి సంస్థ 20 కిలోవాట్ల చిన్న విద్యుత్ కేంద్రం కూడా పెట్టింది. కానీ గోల్కొండ గుట్టలు నల్లరాళ్ల గుట్టలు. అక్కడ వేడి ఊట లేదు. చల్లటి నీళ్లు కూడా దూరం నుంచి తెచ్చుకోవలసిందే. కాబట్టి ఇక్కడ వేడినీళ్ల స్నానమంటే రెండు పనులు: నీళ్లు తేవడం, కట్టెలతో కాచడం. ఆ రెండూ ఆగిన రోజున స్నానశాల ఒట్టి గదులుగా మిగులుతుంది.

నీళ్లు తేవడం ఎలా జరిగిందో కోట ఎక్కినవాళ్లు కొంత చూసే ఉంటారు. దుర్గం చెరువు తెలుసు కదా, ఇప్పుడు కేబుల్ బ్రిడ్జి మీద నిలబడి సెల్ఫీలు తీసుకుంటాం. గోల్కొండకు మంచినీళ్లు ఆ చెరువు నుంచే వచ్చేవి. మట్టి గొట్టాల్లో, వాలు తప్పకుండా, మైళ్ల దూరం. కోట కిందికి వచ్చాక ఎత్తాలి. గుట్ట నాలుగు వందల అడుగుల ఎత్తు. ఒక్కసారిగా అంత ఎత్తుకు తోడలేరు. అందుకని మెట్టు మెట్టుకూ ఒక తొట్టి కట్టి, ఎద్దులతో తిరిగే పారశీక చక్రాలతో కింది తొట్టిలోంచి పై తొట్టిలోకి నీళ్లు ఎత్తారు. అక్కడి నుంచి మళ్లీ గోడల్లో దాచిన మట్టి గొట్టాల గుండా మహళ్లకు, తోటలకు, ఫౌంటెన్లకు వదిలారు. కోటలోకి వెళితే గోడ పెళ్లలు ఊడిన చోట ఆ గొట్టాల ముక్కలు ఇప్పటికీ కనిపిస్తాయి. చప్పట్లు కొట్టి ప్రతిధ్వని విని వచ్చేస్తాం మనం. ఈసారి వెళ్లినప్పుడు గోడల కేసి కూడా చూడండి.

కాచడం ఇంకో విద్య. పాత హమ్మాంల ఏర్పాటు ఇరాన్‌లో అయినా తుర్కీలో అయినా మన దగ్గర అయినా మూలంలో ఒకటే. స్నానపు గదుల వెనుక, బయటి నుంచి కట్టెలు వేసే కొలిమి. దాని మీద నీళ్ల తొట్టి. కొలిమి పొగ నేరుగా పైకి పోదు. గది నేల కింద కట్టిన సొరంగాల గుండా, గోడల్లోని గొట్టాల గుండా తిరిగి తిరిగి పోతుంది. దాంతో నేల వెచ్చబడుతుంది, గోడ వెచ్చబడుతుంది. అదే కట్టె నీళ్లనూ కాస్తుంది, గదినీ కాస్తుంది. మనిషి ముందు బట్టలు మార్చుకునే చల్లగదిలోకి వస్తాడు, తర్వాత గోరువెచ్చని గది, ఆ తర్వాత వేడి గది. ఒంటికి దెబ్బ తగలకుండా వేడి అలవాటు చేయడం అన్నమాట. ద్వారాలు చిన్నవి, దారి మలుపులు తిరుగుతుంది, వేడి బయటికి పోకూడదని. పక్క కిటికీలు పెట్టరు, వెలుతురు పైనుంచే వస్తుంది. గోడలకు లోపల డంగు సున్నం పూత, నున్నగా రాయిలా. ఆవిరికి అది పాడవదు. ఇంజనీర్లయిన మన తమ్ముళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు. మీ గీజరు ఎంత కరెంటు తిని ఎంత వేడి ఇస్తుందో లెక్క వేసుకుని, ఆ తర్వాత హమ్మాం చూడండి.

ఇదేదో పరదేశపు వ్యవహారం అనుకోవద్దు. మన ఇళ్లల్లో నరక చతుర్దశి తెల్లవారుజామున ఏం జరిగేది? పెరట్లో కట్టెల పొయ్యి మీద కాగు. ఒంటికి నువ్వుల నూనె, ఆపై సున్నిపిండి నలుగు, తలకు కుంకుడుకాయ పులుసు. కళ్లల్లో పడి ఏడుస్తుంటే నాన్నమ్మ "ఏడిస్తే ఏడువు, మురికి పోవాలి" అనేది. హమ్మాంలో సంచీ లాంటి గరుకు గుడ్డతో ఒళ్లు రుద్దే మనిషి చేసేదీ ఆ నాన్నమ్మ పనే. వేడి, నూనె, రుద్దడం, నీళ్లు. ఇల్లు వేరు, భాష వేరు, పని ఒకటే.

ఇప్పుడు సమాధుల తోటకు వద్దాం. 106 ఎకరాలు, వందకు పైగా కట్టడాలు. మనం చిన్నప్పుడు వెళ్లింది ముళ్లపొదలు, గబ్బిలాల వాసన, గుమ్మటాల మీద సిమెంటు అతుకులు ఉన్న చోటుకు. 2013లో రాష్ట్ర పురావస్తు శాఖతో కలిసి ఆగాఖాన్ సాంస్కృతిక ట్రస్టు పని మొదలుపెట్టింది. ఇరవయ్యో శతాబ్దంలో పూసిన సిమెంటును చాలాచోట్ల ఊడదీసి మళ్లీ సున్నంతో పూశారు. ఎందుకంటే సిమెంటు తడిని లోపలే బంధిస్తుంది, రాయి లోపల్లోపల కుళ్లుతుంది. సున్నం తడిని బయటికి వదులుతుంది. పదేళ్లకు పైగా రాతి పనివాళ్లు, సున్నం పనివాళ్లు అక్కడ చేతిపనితోనే పని చేశారు.

ఆ తోటకు వెళితే నా సలహా ఒకటి. గుమ్మటాలు ముందు చూడకండి. నీళ్ల వెంట నడవండి.

మొదట బడీ బావ్లీకి వెళ్లండి. పెద్ద మెట్ల బావి. 2013 వానల్లో దాని గోడలో ఒక భాగం కూలిపోయింది. పెద్ద పెద్ద రాళ్లు బావిలో పడ్డాయి. వాటిని పైకి తీసి, పూడిక ఎత్తి, గోడ మళ్లీ నిలబెట్టారు. వాన పడితే ఇప్పుడు అందులో నీళ్లు నిలుస్తాయి, ఆ నీళ్లు తోటకు పనికొస్తున్నాయి. గోల్కొండ మెట్ల బావుల పునరుద్ధరణకు 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ వారసత్వ పురస్కారం వచ్చింది. మెట్ల మీద కాసేపు కూర్చోండి. కింద నీళ్లు కనబడాలి. అవి కనబడితేనే తర్వాత చూసేది అర్థమవుతుంది.

అక్కడి నుంచి హమ్మాంకు రండి. బయటి నుంచి పెద్ద ఆర్భాటం ఉండదు, బరువైన కమానుల కట్టడం. లోపల కమానులు, తొట్లు, నీటి కాలువలు, మధ్యలో రాతి అరుగు. సుల్తాన్ కులీ కాలం నాటిదని చెబుతారు. ఆయన 1543లో చనిపోయాడు కాబట్టి ఆ లెక్కన అది హైదరాబాద్ కన్నా పాతది. చార్మినార్ 1591లో కదా కట్టింది. తొట్టి ఎక్కడ ఉంది, కాలువ ఎటు వాలింది, నీళ్లు ఏ వైపు పోయేవి అని వెతుక్కుంటూ చూడండి. పిల్లలుంటే వాళ్లే ముందు కనిపెడతారు.

ఇక 'శవాలు కడిగే చోటు' అన్న మాట. అందులో నిజముంది, దాచనక్కర్లేదు. రాజకుటుంబంలో ఎవరైనా పోతే కోట నుంచి బంజారా దర్వాజా మీదుగా ఇక్కడికి తెచ్చి, స్నానం చేయించి, ఆ తర్వాత ఖననానికి తీసుకుపోయేవారని చెబుతారు. ఇస్లాంలో దాన్ని గుసుల్ అంటారు. గోరువెచ్చని నీళ్లతో, మర్యాదగా, ఒంటి మీద గుడ్డ తీయకుండా. చాలామంది ఈ మాట వినగానే లోపలికి వెళ్లకుండా వెనక్కి తిరుగుతారు. నాతో వచ్చిన మా బ్యాచ్ మిత్రుడు కూడా గుమ్మంలోనే ఆగి, "ఇంటికెళ్లి మళ్లీ స్నానం చేయాలిరా" అన్నాడు.

నేను వాడికి చెప్పిందే ఇక్కడా చెబుతాను. మన దగ్గర మాత్రం? పుట్టిన బిడ్డకు పురిటి స్నానం. పెళ్లికి మంగళ స్నానం. పోయాక ఆఖరి స్నానం. మొదటిదీ చివరిదీ మనం మన చేతులతో చేసుకునేవి కావు, ఎవరో మనకు చేయించేవి. మధ్యలో ఉన్న యాభై అరవై ఏళ్లు మనమే కుళాయి తిప్పుకుంటాం కాబట్టి ఆ సంగతి మరిచిపోతాం. మా బ్యాచ్‌లో నలభై రెండు మందిమి. వాళ్లలో కొందరు ఇవాళ లేరు. ఇద్దరికి ఆఖరి నీళ్లు పోసేటప్పుడు నేను పక్కన ఉన్నాను. ఆ హమ్మాంలో రాతి అరుగు ముందు నిలబడ్డప్పుడు వాళ్లే గుర్తొచ్చారు, సుల్తానులు కాదు. రాజుకైనా నీళ్లు పోయడానికి ఇంకో మనిషి కావాలి. ఆ పనికి ఇంత గట్టి కట్టడం కట్టి, వేడినీళ్లు ఏర్పాటు చేశారంటే, పోయినవాళ్ల పట్ల వాళ్లకున్న మర్యాద అది. అది చూడడంలో మైల ఏమీ లేదు.

హమ్మాం చూశాక ఇంకొక్క చోటు ఉంది, అది మనకు తప్పనిసరి. హయాత్ బక్షీ బేగం సమాధి. మహమ్మద్ కులీ కుతుబ్ షా కూతురు, సుల్తాన్ మహమ్మద్ భార్య, అబ్దుల్లా కుతుబ్ షా తల్లి. ముగ్గురు సుల్తానుల కాలంలో మాట చెల్లిన మనిషి. 1667లో చనిపోయింది. పక్కనే 1666 నాటి పెద్ద మసీదు కూడా ఆమె పేరు మీదే ఉంది. ఆమెను జనం 'మా సాహెబా' అనేవారు. అమ్మగారు అని. మన పేటలోని చెరువుకు ఆ పేరే వచ్చిందని చెబుతారు: మా సాహెబా తలాబ్. నాలుకల మీద అరిగి అరిగి మాసబ్ ట్యాంక్ అయింది. మనం బస్సు కండక్టరుకు చెప్పిన పేరు, టీసీ మీద రాసిన పేరు, ఈ బడి చిరునామాలో ఉన్న పేరు ఆ అమ్మగారిదే.

ఆ చెరువు ఏది? చాచా నెహ్రూ పార్కు ఉంది కదా, అక్కడ. ఉయ్యాలలు ఉన్నాయి, వాకింగ్ దారి ఉంది, చెరువు లేదు. పేరులో ట్యాంక్ మిగిలింది. గట్టి వాన కురిసిన రోజున మాత్రం నీళ్లు తమ పాత చోటు వెతుక్కుంటూ రోడ్డు మీదికి వస్తాయి. మనం ఫ్లైఓవరు దగ్గర గంటసేపు హారన్లు కొడుతూ నిలబడతాం.

ఇంత చెప్పింది ఈ ఒక్క మాట కోసం. హమ్మాం ఒక్క గది కాదు. చెరువు, బావి, గొట్టం, తొట్టి, కొలిమి, కాలువ ఇవన్నీ కలిసి ఒక స్నానం అయ్యేది. వాటిలో ఒకటి తెగితే మిగతావన్నీ టికెట్టు పెట్టి చూసే రాళ్లు. సమాధుల తోటలో గుమ్మటాలకు మెరుగులు దిద్ది ఊరుకోకుండా బావులను కూడా బతికించారు. నాకు ఆ పనిలో అన్నిటికన్నా నచ్చింది అదే.

మన బడి వెనుక, పాత సైన్సు గది పక్కన ఒక బావి ఉంది. చిన్న బ్యాచ్‌ల వాళ్లకు తెలియకపోవచ్చు. ఇప్పుడు దాని మీద సిమెంటు పలక, పలక మీద విరిగిన బెంచీలు. మేము ఆటల పీరియడు అయ్యాక అక్కడే కాళ్లు కడుక్కునేవాళ్లం. ఆయా ఒకామె చేదతో నీళ్లు తోడి పోసేది. ఎండాకాలంలో ఇప్పుడు బడికి ట్యాంకరు వస్తోందని హెడ్ మేడమ్ చెప్పారు. డబ్బు పెట్టి కొంటున్నాం, బావి మూసిపెట్టి.

ఇవాళ సాయంత్రం సర్వసభ్య సమావేశంలో స్వర్ణోత్సవ నిధితో గేటు దగ్గర గ్రానైటు ఆర్చి కట్టాలన్న తీర్మానం వస్తోంది. ఆర్చికి నేను వ్యతిరేకిని కాను. దాతల పేర్లు చెక్కుతారు, బాగుంటుంది, నా పేరూ ఉంటుంది. కానీ ముందు ఆ బావి పలక ఎత్తించి చూద్దామని నా విన్నపం. మనలో సివిల్ ఇంజనీర్లు ఆరుగురు ఉన్నారు, ఒక పూట వచ్చి గోడ గట్టిదనం చూడండి. పూడిక తీయించి, నీళ్లు పరీక్ష చేయించి, పైన గట్టి ఇనుప జాలీ బిగించి, బడి మేడ మీద పడే వాన నీటిని వడపోసి అందులోకి మళ్లిస్తే, మొక్కలకూ మరుగుదొడ్లకూ సరిపోతుందేమో తేలుతుంది. సరిపోకపోతే ఆర్చి ఎలాగూ ఉంది. సరిపోతే దాతల పేర్లు బావి గట్టు మీద చెక్కించుకుందాం.

రెండో విన్నపం తేలికైనది. ఏటా సంఘం బస్సు నాగార్జునసాగర్‌కో శ్రీశైలానికో వెళుతుంది. ఈ ఏడు ఒక పూట గోల్కొండకు వెళ్దాం, తొమ్మిదో తరగతి పిల్లల్ని వెంట తీసుకుని. చలికాలం ఆదివారం పొద్దున్నే బయలుదేరదాం. బావ్లీ, హమ్మాం, మా సాహెబా సమాధి, ఆ వరుసలో. మోకాళ్లు సహకరించేవాళ్లు తర్వాత కోట ఎక్కి నీళ్ల గొట్టాలు వెతకండి, మిగతావాళ్లం చెట్టు కింద కూర్చుని చాయ్ తాగుతాం. పిల్లలకు ఒకటే పని అప్పగిద్దాం: నీళ్లు ఎక్కడి నుంచి వచ్చి ఎక్కడికి పోయేవో బొమ్మ గీసి తీసుకురావాలి. మనకు సాంఘిక శాస్త్రం చెప్పిన సార్ ముందు వరుసలో ఉన్నారు. కుతుబ్ షాహీ రాజుల పేర్లు వరుస తప్పకుండా అప్పజెప్పించుకునేవారు. సార్, మీరు కూడా రావాలి. ఆ బొమ్మలకు మార్కులు మీరే వేయాలి.

భోజనాల వాసన వస్తోంది, కార్యదర్శిగారు గడియారం చూస్తున్నారు. సాయంత్రం సమావేశంలో బావి మాట మరిచిపోవద్దని మరొక్కసారి మనవి చేస్తూ సెలవు తీసుకుంటాను. నమస్కారం.